దేవాలయమున పాట యెవరిది?

క్రీస్తుశకము 386వ సంవత్సరమున ఇటలీ దేశమందలి మిలాను పట్టణములో, బాలచక్రవర్తియైన రెండవ వాలెంటీనియనుని తల్లి జస్టీనా తన మతశాఖవారికొక దేవాలయమును విడిచిపెట్టవలసినదని బిషప్పు అంబ్రోసు నాజ్ఞాపింపగా, ఆయన యందుకు సమ్మతింపకపోవుటచే సైనికులు వచ్చి గుడిని చుట్టుముట్టిరి. లోపలనున్న జనులు తమ గురువుతోగూడ చచ్చుటకైనను సిద్ధపడి రాత్రింబవళ్లచ్చటనే కావలి యుండిరి. అట్టి వేళ వారు దిగులుచే డస్సిపోకుండుటకై అంబ్రోసు చేసిన యుపాయము మిక్కిలి సులభమైనది: తూర్పుదేశపు సంఘముల పద్ధతి ననుసరించి కీర్తనలను, స్తోత్రగీతములను వారందఱిచేతను పాడించెను. ఈ వృత్తాంతమును మనకు వ్రాసియుంచినవాడు అప్పటికా పట్టణముననే నివసించుచున్న అగస్తీను. ఆయన తల్లి మోనికా ఆ కావలియున్నవారిలో నొకతె.

అంబ్రోసు గీతముల నిర్మాణమును పరిశీలించినచో ఆయన లోకజ్ఞత తేటపడును. పాదమున కెనిమిది యక్షరములు, చరణమునకు నాలుగు పాదములు, గీతమున కెనిమిది చరణములు. అన్ని చరణములకును వరుస యొక్కటే. మొదటి చరణము పట్టుపడినవానికి తక్కిన యేడింటి వరుస వేఱుగ నేర్పనక్కఱలేదు. విద్వాంసులకిది చప్పని కొలతగా దోచవచ్చును గాని, బయట కత్తులు కదలుచుండగా లోపల గొంతు పెగలని వందలమంది యేకకంఠముగ పాడవలసివచ్చినప్పుడు శార్దూలములును మత్తేభములును అక్కఱకు రావు. ఆ రాత్రి మిలాను గుడిలో పాట యెవరిదని యడిగినచో జవాబు స్పష్టము: అది అక్కడ నున్న జనులది. పిమ్మటి పదునాఱు శతాబ్దములలో ఈ ప్రశ్నకు జవాబు మాటిమాటికిని మాఱుచు వచ్చినది. ఒకప్పుడు పాట సన్న్యాసులదైనది, ఒకప్పుడు రాజాస్థాన గాయకులదైనది, ఒకప్పుడు ఎవరిదియు గాక మౌనమే మిగిలినది. క్రైస్తవ దేవాలయ సంగీత చరిత్రను రాగముల చరిత్రగా గాక, ఈ స్వామ్యపు తగవుగా చూచినచో, సంగీతజ్ఞానము లేని మావంటివారికిగూడ అది బోధపడును.

ఆ గీతములను విని మిలానులో కన్నీరు కార్చిన అగస్తీనే, పదిపండ్రెండేండ్లు గడచిన పిమ్మట తన యాత్మకథను వ్రాయుచు, తన కన్నీటిని తానే శంకించుకొనెను. పాడబడు మాటకంటె పాడు తీరే తన్ను హెచ్చుగ కదలించినప్పుడు తాను దోషము చేసినట్లే యెంచి, అట్టి సమయమున ఆ పాట వినకుండుటయే మేలని యాయన తలచెను. అలెగ్జాండ్రియా బిషప్పగు అథనాసియసు కీర్తనలను పాడించునప్పుడు స్వరభేద మత్యల్పముగ నుండవలెనని యాజ్ఞాపింపగా, ఆ పఠనము పాటకంటె మాటకే దగ్గఱగ నుండెడిదని తాను వినియున్నట్లు గూడ చెప్పెను. అయినను పాటను నిషేధించుటకు మాత్రమాయనకు మనసొప్పలేదు. తాను విశ్వాసమును తిరిగి పొందిన దినములలో ఆ గీతములే కదా తన్నాదుకొన్నవి! మన సంగీతసభలలో త్యాగయ్యగారి కీర్తనను వినుచు, ఆయన రాముని దేనికై ప్రాధేయపడుచున్నాడో యొక్క ముక్కయు పట్టించుకొనక, రాగచ్ఛాయకు మాత్రమే తలలూపు రసికులము మనమందఱమును ఈ సందేహమును అగస్తీనువలె నెన్నడైన పడితిమా యని నాకు తఱచు అనిపించును.

పశ్చిమదేశమున క్రమముగ ఏర్పడిన గానపద్ధతికి గ్రెగొరీ గానమని పేరు. 590 మొదలు 604 వఱకు రోమాపురి పీఠమునందున్న గ్రెగొరీ పోపు పేరదానికి చేరినది. ఒక పావురము ఆయన చెవిలో రాగముల నూదుచున్నట్లు చిత్రకారులు పటములు గూడ వ్రాసిరి. అది వట్టి కథయే; ఆ గానము నేటి రూపమును దాల్చుట ఆయన తరువాతి కాలపు పని. అందఱు నొక్క వరుసనే పాడుదురు. శ్రుతికి వాద్యము లేదు, దెబ్బకు తాళము లేదు. లాటిను మాటల నడకయే పాట నడక. మన వేదపఠనమును విన్న చెవికిది బొత్తిగ క్రొత్తగ దోచదు: ఒక్క స్వరముపై మాటలను సాగించుకొని పోయి, వాక్యాంతమున కొంచెము క్రిందికో మీదికో త్రిప్పి విడుతురు. కాని కొన్ని చోట్ల ఆ నియమమంతయు విడిచి, 'అల్లెలూయ' అను మాట తుదియందలి అకారమును పట్టుకొని, మాటయే లేని స్వరమాలికను చాలసేపు అల్లుదురు. మాటకు అతీతమైన సంతోషము మాటలు లేకయే వెలువడునని దీనికి పెద్దలు చెప్పిన సమాధానము. మన ఆలాపనకును ఇంతకంటె మేలైన సమర్థన దొరకదు.

ఇట్టి పాటలను వందలకొలది కంఠస్థము చేయవలసిన సన్న్యాసుల పాట్లెట్టివో యూహింపవచ్చును. పదేండ్లు నేర్చినను గురువు లేనిదే క్రొత్త పాట నొక్కదానిని పాడజాలరని పదునొకండవ శతాబ్దమున గీదో యను సన్న్యాసి విసిగి, గీతలపైనను గీతల నడుమను స్వరచిహ్నములను నిలుపు లిపిపద్ధతిని స్థిరపఱచెను. అంతటితో ఆగక, యోహాను భక్తునిపై నున్న యొక ప్రాచీన గీతమున వరుసగ ఒక్కొక్క పాదము ఒక్కొక్క మెట్టు హెచ్చి మొదలగుచుండుట గమనించి, ఆ పాదముల మొదటి యక్షరములను ఏఱి, ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని స్వరములకు పేర్లు పెట్టెను. మన సరిగమలకు సాటియైన యా పేర్లు నేటికిని నిలిచియున్నవి. పోపు పందొమ్మిదవ యోహాను గీదోను పిలిపించి, ఆ పుస్తకమును ముందుంచుకొని, తానెన్నడును వినని యొక చరణమును తానుగ చదివి పాడగలిగి యాశ్చర్యపడెనట. పాటను కాగితముపై కెక్కించిన యీ మహోపకారమున ఒక నష్టము గూడ దాగియుండెను. చదువ నేర్చినవారికిని నేరనివారికిని నడుమ గోడ మునుపటికంటె ఎత్తైనది. లాటిను తెలియని రైతులును చేతిపనివారును గుడి వెనుకభాగమున నిలిచి, ముందుభాగమునుండి వచ్చు గానమును వినువారు మాత్రమైరి.

లిపి దొరకిన పిమ్మట గాయకులొక వరుసపై మఱియొక వరుస నెక్కించి, నాలుగైదు కంఠములు వేర్వేఱు స్వరములను ఒక్కమాఱుగ పాడు విద్యను పెంచిరి. ఆ విద్య యెంత మనోహరమైనదో అంత అపాయకరమైనది. ఒకడు మొదటి మాటలోనుండగా మఱియొకడు మూడవ మాటకు పోవును, వినువానికి మాటయే చిక్కదు. 1562లో ట్రెంటు మహాసభ దేవాలయ సంగీతమును శుద్ధిచేయవలెనని తీర్మానించినప్పుడు, పాలెస్ట్రీనా యను విద్వాంసుడు మాటలు తేటగ వినబడునట్లొక రచన చేసి చూపి ఆ విద్యను నిషేధమునుండి కాపాడెనని యొక కథ కలదు. పావురపు కథవలె నిదియు నమ్మదగినది కాదు. కాని 22 దినములు మాత్రమే పోపుగ నుండి మరణించిన రెండవ మార్సెల్లసు పేర వెలసిన యా రచనలో మాటలు తేటగ వినబడుట మాత్రము నిజము.

జనులకు పాటను తిరిగి యిచ్చినవాడు జర్మను మతసంస్కర్తయగు మార్టిన్ లూథరు. ఆయన స్వయముగ వీణవంటి ల్యూటు వాద్యమును వాయించువాడు. వేదాంతము తరువాత సంగీతమునకే పెద్దపీట వేసినవాడు. 1524లో ఎనిమిది గీతములు గల యొక చిన్న పుస్తకము వెలువడినది, అందు నాలుగాయనవి. జర్మను భాషలో నున్న యా పాటల కాగితములను అదే యేట మాగ్డెబుర్గు పట్టణపు అంగడివీధిలో ఒక వృద్ధుడైన నేతగాడు పాడుచు అమ్ముచుండగా, నగరాధికారి వానిని చెఱసాలలో పెట్టించెను. పురజనులు గుంపుగ పోయి వానిని విడిపించుకొనిరి. గ్రంథములను చదువలేనివాడుగూడ పాటను నోటపట్టగలడు, పట్టినదానిని మగ్గము దగ్గఱ పాడుకొనగలడు. ఆ సంస్కరణోద్యమము జర్మను గ్రామములకు పాకిన వేగమునకు అచ్చుయంత్ర మెంత కారణమో యీ పాటలును అంత కారణము.

అయితే లూథరుతో సమకాలికులైన సంస్కర్తలందఱు నొక్క త్రోవను పోలేదు. వారిలో సంగీతవిద్యయందు మిక్కిలి ప్రవీణుడు జూరిచ్ నగరమునందలి జ్వింగ్లీ. ఆయన వాయింపలేని వాద్యము లేదందురు. అట్టివాడే తన దేవాలయమున పాటను మాన్పించెను! దేవుని హృదయములో స్తుతింపవలెను గాని గొంతుతో గాదని యాయన చేసిన వ్యాఖ్యానము. 1527లో జూరిచ్ మహాదేవాలయపు ఆర్గనును విఱుగగొట్టిరి. ఆ నగరపు గుళ్లలో 1598 వఱకు పాట వినబడలేదు. సంగీతము తెలియనివాడు దానిని నిషేధించుటలో వింత లేదు. తెలిసినవాడు నిషేధించుట అగస్తీను భయమునకు పరాకాష్ఠ. జెనీవా నగరమున కాల్వి నింత దూరము పోక, దావీదు కీర్తనలను మాత్రము పద్యరూపమున, వాద్యము లేకుండ, అందఱిచేత ఒక్క వరుసగ పాడించెను. ఆ వరుసలను కూర్చిన లూయీ బూర్జువా 1551లో అనుమతి లేకుండ కొన్నింటిని మార్చెనని యొకమాఱు చెఱసాలకుగూడ పోయి వచ్చెను. జనులకు పట్టువడిన వరుసను కదల్చుట యెంత నేరమో గుడిలో పాడినవారికందఱకును తెలియును.

ఈ విషయమున అందఱికంటె చక్కగ చీవాట్లు తిన్నవాడు యోహాను సెబాస్టియను బాఖు. పదునెనిమిదేండ్ల వయస్సున ఆర్నుష్టాటు పట్టణపు గుడిలో ఆర్గను వాయించుటకు కుదిరిన యా యువకుడు, బుక్స్టెహూడ యను విద్వాంసుని వినుటకై నాలుగు వారముల సెలవు తీసికొని వందల మైళ్లు నడచి ల్యూబెకు పోయి, నాలుగు నెలలకు గాని తిరిగి రాలేదు. వచ్చిన పిమ్మట వాయించిన వాద్యమున ఎన్ని క్రొత్త పోకడలుండెనో గాని, 1706 ఫిబ్రవరిలో సంఘాధికారు లాయనను పిలిచి, పాటల నడుమ వింత వింత స్వరములను చొప్పించి సంఘమును కలవరపఱచుచున్నాడని మందలించిరి. మఱియు వాద్యము మఱీ దీర్ఘముగ నున్నదని చెప్పినంతనే ఆయన మఱీ పొట్టిగ ముగించుటకు మొదలిడెనని గూడ వారి ఫిర్యాదు. లోకమున కంతటి సంగీతకర్తను ప్రసాదించిన యూరివారు ఆయనను గుర్తెఱుంగకపోయిరని నవ్వువారు కలరు. నేను వారితో చేరజాలను. ఆర్గను ముందు కూర్చుండినవాడు మేధావియే కావచ్చును. కాని తరువాతి పాద మెక్కడ నెత్తుకొనవలెనో తెలియక నోరు తెఱచుకొని నిలిచిన ముసలివారి యవస్థను గూడ మనము తలపోయవలెను గదా!

లైప్జిగులో 1723 మొదలు మరణించువఱకు, అనగా 1750 వఱకు, తోమాసు దేవాలయపు సంగీతభారమును వహించినపుడు ఆ బాఖే యీ తగవునకు తన జీవితమున సంధి కుదిర్చెను. ఉదయము ఏడు గంటలకు మొదలయి ఇంచుమించు నాలుగు గంటలు సాగు ఆదివారపు ఆరాధనలో, సువార్త పఠనమునకును ప్రసంగమునకును నడుమ ఆయన రచించిన గానప్రబంధము జరుగును. అట్టివి 200 దాక నేటికి దక్కినవి. పాడువారు పాఠశాల బాలురు. 1730లో నగరసభకు వ్రాసిన విన్నపమున, తనకున్న బాలురలో 17 గురు పనికివత్తురనియు, 20 మంది యింకను నేర్వవలసినవారనియు, 17 గురు బొత్తిగ పనికిరారనియు ఆయన లెక్కగట్టెను. ఆ సాధనసంపత్తితోడనే యాయన చేసిన పని యేమనగా, విద్వాంసులకు మాత్రమే సాధ్యమగు స్వరరచన నడుమ, గుడిలోని ప్రతి గృహిణికిని చిన్ననాటినుండి తెలిసిన పాట వరుసను నేతలో జరీపోగువలె నడపుట. మత్తయి సువార్త ననుసరించిన శ్రమలగానమున ఒక వరుస అయిదు మాఱులు, ఒక్కొక్కమాఱు ఒక్కొక్క భావచ్ఛాయతో వచ్చును. వినువాని గుండె దానిని గుర్తించి కరగును. ఆ వరుస మొదట 1601లో హాస్లరు అను నతడు ప్రకటించిన ప్రేమగీతపు వరుసయే! ప్రియురాలికై కట్టిన వరుస ముండ్లకిరీటము ధరించిన శిరస్సునకు చెల్లినది. ఈ మాట కొంచెము జ్ఞాపకముంచుకొనవలసినది. తెలుగుదేశమునకు వచ్చినప్పుడు మనకిది కావలసివచ్చును.

1805లో విశాఖపట్టణమున డెస్గ్రాంజెసు, క్రాను అను నిరువురు లండను మిషనరీలు దిగిన నాటినుండి, నెల్లూరు, మచిలీపట్టణము, గుంటూరు మొదలగు తావులలో వేర్వేఱు మిషనులు వెలసినకొలదియు, పాశ్చాత్యుల వరుసలును వారితోపాటు ఓడ దిగినవి. ఆ వరుసలకు తెలుగు మాటలు పొదిగి పాడుట మొదట సులభోపాయముగ దోచెను. అట్టి పాటలు నేటి పాటల పుస్తకములలోగూడ కలవు. కాని వానిని పాడినప్పుడు చొక్కాయి యొకరిది, దేహ మొకరిది యన్నట్లుండుటకు కారణము భాషల నడకలోనే యున్నది. ఆంగ్లమున మాటకు ముందు 'ది', 'ఎ' యని ఊనిక లేని చిన్న ఉపపదములు వచ్చును. అందుచే వారి వరుసలు పెక్కు బలము లేని స్వరముతో మొదలయి, రెండవ యక్షరముపై దెబ్బ వేయును. తెలుగున అట్టి ఉపపదములు లేవు. మాటకు ప్రాణము మొదటి యక్షరమే. పద్యపాదమున యతికి నిలుకడయు నదియే. ఆంగ్లపు వరుసలో పాడినప్పుడు ఆ ప్రాణాక్షరము తేలిపోయి, దాని తరువాతి యక్షరముపై దెబ్బ పడును. పాదము తుదియందు మఱియొక చిక్కు. వారి వరుసలు తుదియక్షరమును దీర్ఘముగ లాగును. మన మాటలో తుదియక్షరము తఱచుగ 'ను', 'కి', 'ము' వంటి హ్రస్వము. 'దేవునికి' యను మాటలో 'కి' కారమును నాలుగు దెబ్బల కాలము సాగదీసి పాడినపుడు, దేవునికంటె ఆ విభక్తిప్రత్యయమే ఘనమైనట్లు వినబడును.

ఈ చిక్కును విడదీసినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, గంజాము విశాఖపట్టణ మండలములలో బోధకుడై తిరిగి, 1890 వఱకు జీవించిన యీయన త్యాగరాజస్వామికి చిన్నతరపు సమకాలికుడు. ఆనాడు తెలుగిండ్లలో రామదాసు కీర్తనలును, అధ్యాత్మ రామాయణ కీర్తనలును, భజనగోష్ఠులును, వీధిభాగవతములును ఉచ్ఛ్వాస నిశ్వాసములవలె సహజములై యుండెను. చౌదరిగారు విదేశీయపు వరుసలకు తెలుగును వంచుటకు బదులు, తానెఱిగిన పల్లవి, అనుపల్లవి, చరణముల కట్టడమునే తీసికొని క్రీస్తుభక్తిని అందు ప్రవహింపజేసెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను పుస్తకమును తెఱచినచో పాట తలపై రాగమును తాళమును పేర్కొనియుండుట నేటికిని చూడవచ్చును; శంకరాభరణము, ఆనందభైరవి మొదలగు రాగములును, ఆట, త్రిపుట, ఏక తాళములును అందు కలవు. భజనాంతమున మంగళము పాడు నాచారముగూడ అటులనే వచ్చి చేరి, ఆ పుస్తకమున మంగళగీతములకు స్థానము కలిగినది.

గుళ్లలో రామునిపై పాడిన రాగమున యేసును కీర్తించుట తగునా యని సందేహించువారికి హాస్లరు ప్రేమగీతమే జవాబు. రాగమునకు మతము లేదు. వాడుకవలన దానికొక వాసన మాత్రము పట్టును, మఱియొక వాడుకతో ఆ వాసన మాఱును. కాని చౌదరిగారి పనియందు నన్నంతకంటె ఆకర్షించునది కీర్తన కట్టడమే. 1644లో ఇంగ్లాండున వెస్టుమినిస్టరు సభవారు, సంఘములో చదువురానివారు పెక్కుమంది యున్నచో బోధకుడొక్కొక్క పాదమును ముందు చదువగా జనులు పిమ్మట పాడవలెనని విధించిరి. వారు నియమము వ్రాసి చేయవలసివచ్చిన పనిని మన కీర్తన తన నిర్మాణముననే యిముడ్చుకొన్నది. ముందుండి పాడువాడు చరణమును పాడును, రానివారు విందురు. చరణము ముగియగనే పల్లవి వచ్చును, పల్లవి రానివాడుండడు. విద్వాంసునకు చరణమున చోటు, పామరునకు పల్లవిలో చోటు. బాఖు జరీపోగు నడపి సాధించిన సంధి, పల్లెటూరి ఉపదేశికి తాళముల జతయు కంజిరయు పట్టుకొన్నంతనే సిద్ధించినది. గోదావరి, కృష్ణా, గుంటూరు, ఒంగోలు సీమలలో అక్షరము నెఱుంగని వేలకొలది జనులు సంఘములో చేరిన రోజులలో వారికి బైబిలు గ్రంథము చేతికంటె ముందు నోటికి, కీర్తనరూపమున, అందినది.

ఇక హార్మోనియము సంగతి. 1842లో పారిసు నగరమున దెబెయిను అనునతడు స్వామ్యపత్రము పొందిన యీ పెట్టె, పెద్ద ఆర్గనును కొనజాలని చిన్న గుళ్లకు మిక్కిలి యుపకరించినది. కాలితో త్రొక్కు నా పెట్టె మిషనరీల సామానుతో మనదేశమునకు వచ్చి, నేలపై కూర్చుండి యొక చేత తిత్తి నాడించి యొక చేత వాయించు రూపమును కలకత్తా పనివారి చేతిలో దాల్చి, గుడి గడప దాటి భజనమందిరములకును, హరికథలకును, నాటకసమాజములకును వ్యాపించెను. పద్యనాటకమును హార్మోనియము లేకుండ నేడు తెలుగువాడెవ్వడు నూహింపజాలడు. శ్రీకృష్ణుని రాయబారపు పద్యమునకు శ్రుతినిచ్చిన పెట్టె క్రైస్తవదేవాలయపు పెట్టెకు దాయాదియని యెందఱికి తెలియును! సంగీతజ్ఞులకు మాత్ర మది కంటగింపు: దాని మెట్లు స్థిరములు, మన గమకము స్వరమునుండి స్వరమునకు జాఱునది, మెట్ల నడుమ జాఱుట దాని చేతగాదు. ఈ కారణమునకే 1940లో ఆకాశవాణి దానిని వెలివేసి, మూడు దశాబ్దములు రానీయలేదు. దాని ప్రభావముచే దేవాలయములలో రాగములు కొంత బిగిసిపోయినమాట వాస్తవము. పుస్తకమున ఆనందభైరవి యని వ్రాసియుండినను, హార్మోనియము వెంట పాడి పాడి, గమకములు రాలిపోయి, అస్థిపంజరముగ మిగిలిన వరుసలను నేను వింటిని. అయినను మూడువందలమంది నొక్క శ్రుతిలో నిలుపుటకు దానికంటె చౌకయైన సాధనము దొరకలేదు గనుక దానిని తిట్టుటకు నోరాడదు.

రోమను కథోలికుల గుళ్లలో ఈ కథ కొంత ఆలస్యముగ నడచినది. 1903లో పోపు పదవ పయసు పియానోను, డోళ్లవంటి మ్రోత చేయు వాద్యములను గుడిలో నిషేధించి, గ్రెగొరీ గానమునకు పట్టము గట్టెను. అఱువదేండ్లకు, 1963 డిసెంబరులో, రెండవ వాటికను మహాసభ దేశభాషలకు తలుపు తెఱచి, ఆయా దేశముల సంగీతసంప్రదాయములకు తగిన గౌరవమీయవలెనని శాసించెను. అంతవఱకు లాటినులో విన్న పూజను తెలుగున వినుటయే కాక, తబలాతో తెలుగుపాట పీఠము ముందు పాడుటయు కథోలికులకు సహజమైనది.

నేటి పట్టణపు దేవాలయములలో మైకులును, విద్యుత్కీబోర్డులును, డ్రమ్ములును, వేదికపై నలుగురైదుగురు గాయకులును వెలసిరి. వారి గాత్రసౌష్ఠవమును నేను కాదనను. కాని వరుస మాటిమాటికి మాఱుచు, సినిమాపాటలోవలె స్వరము సామాన్యుని కందనంత మీదికి పోవుచు, ధ్వనివర్ధకము తన గొంతును తనకే వినబడనీయకున్నప్పుడు, క్రింద కూర్చుండినవాడు చప్పట్లు తట్టుటతో సరిపుచ్చుకొనును. లాటిను రాక గుడి వెనుక నిలిచిన నాటి యూరపు రైతునకును వీనికిని నాకు భేదము కనబడుట లేదు. ఆర్నుష్టాటు అధికారులవంటి ముక్కోపులు మన సంఘములలోను ఒకరిద్దఱుండిన బాగుండును.

కాని యీ మైకులు పోలేని చోటొకటి కలదు. పల్లెటూర సంధ్యవేళ భూస్థాపనకు పోయినవారెఱుగుదురు. సమాధులతోటకు హార్మోనియము రాదు. పుస్తకమున్నను అక్షరము కనబడని మసకచీకటి. పెట్టెను గోతిలోనికి దింపి, తలకొక పిడికెడు మన్ను వేసిన పిమ్మట పాఱలు పనికి మొదలిడును. గొయ్యి పూడువఱకు పాట ఆగరాదని రూఢి. సంఘములో అన్ని చరణములును వచ్చిన ముసలమ్మ యొకతె యుండును. చదువు రానిది, రాగము పేరెఱుగనిది. పాస్టరుగారు రెండవ చరణమున తడబడగా ఆమెయే యందుకొనును. తక్కినవారు పల్లవికి చేరుదురు. మన్ను గట్టిదై పని ఆలస్యమైనచో చరణములు అయిపోవును. అప్పుడామె మొదటికి వచ్చి మరల నెత్తికొనును.